అక్కర్లేని మెయిల్ వడకట్టడం: ముందు రావాల్సినవి కాపాడుకుని, తర్వాత చెత్త ఆపే పద్ధతి

మెయిల్‌లో చెత్త పెరిగిందనిపించగానే చాలామంది చేసే మొదటి పని, కనిపించిన ప్రతిదాన్నీ బ్లాక్ చేసేయడం. కొన్నాళ్లకు ఈపీడీసీఎల్ కరెంటు బిల్లో, పాస్‌పోర్టు అపాయింట్‌మెంటో, పిల్లల కౌన్సెలింగ్ కబురో ఏమైందని వెతికితే అది స్పామ్ ఫోల్డర్లో కనిపిస్తుంది. ఆలస్యంగా వెతికితే అక్కడా ఉండదు. జీమెయిల్ స్పామ్‌లో పడ్డ మెయిల్ 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. అక్కర్లేని మెయిల్ ఒకటి ఇన్‌బాక్స్‌లోకి వస్తే తీసేయడం క్షణం పని. రావాల్సింది ఒకటి రాకపోతే సీటు పోవచ్చు, గడువు దాటొచ్చు, సరుకు పోర్టులో ఆగిపోయి డెమరేజ్ (ఆలస్యానికి కట్టే రుసుము) మీద పడొచ్చు. అందుకని ఇక్కడ ముందు రావాల్సిన మెయిళ్లకు దారి ఖాయం చేయడం చెప్తాం. ఆపడం ఆ తర్వాత.

చెప్పేది ఎక్కువగా జీమెయిల్ గురించే. మెనూ పేర్లు ఇంగ్లిషువే, వాటిని తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. జీమెయిల్ ఫిల్టర్లు ఫోన్ యాప్‌లో పెట్టడానికి కుదరదు, కంప్యూటర్లో బ్రౌజర్ తెరవాలి. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో క్రోమ్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ టిక్ పెట్టి ప్రయత్నించవచ్చు. అక్షరాలు చిన్నగా ఉంటాయి, ఓపిక పట్టాలి. ఒక్కసారి పెడితే ఆ ఫిల్టర్లు ఫోన్‌కి వచ్చే మెయిల్ మీద కూడా పనిచేస్తాయి. నెట్ సెంటర్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

పోకూడని మెయిళ్ల జాబితా

కాగితం తీసుకుని ఎవరి మెయిల్ తప్పిపోతే నష్టమో రాయండి. ఇంటికైతే బ్యాంకు, ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు, విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) ఇంటి పన్ను, ఆదాయపు పన్ను శాఖ, రైలు టికెట్లు, పిల్లల కాలేజీ. ఉక్కు కర్మాగారంలోనో డాక్‌యార్డులోనో రిటైరైన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పింఛను, పీఎఫ్, వైద్య ఖర్చులకు సంబంధించిన మెయిళ్లు. ఓడల మీద పనిచేసే అబ్బాయి ఉంటే అతన్ని ఓడలో చేర్చిన మ్యానింగ్ కంపెనీ. పోర్టు పనుల్లో ఉన్న సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంటు) ఆఫీసైతే షిప్పింగ్ లైన్లు, సరుకు విడుదలకు డెలివరీ ఆర్డర్లు (డీవోలు) పంపేవాళ్లు, కస్టమ్స్.

పేర్లు రాస్తే చాలదు, వాళ్లు అసలు ఏ అడ్రసు నుంచి పంపుతున్నారో పాత మెయిల్ తెరిచి చూడాలి. పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే పూర్తి అడ్రసు కనిపిస్తుంది. ఎట్ గుర్తు తర్వాత ఉన్న భాగం, అంటే డొమైన్, మనకు కావాల్సింది. ఒకే సంస్థ బిల్లులు ఒక డొమైన్ నుంచి, ప్రకటనలు ఇంకో డొమైన్ నుంచి పంపడం మామూలే. అలా ఉంటే మన పని సగం తేలిక.

ఇప్పుడు ఫిల్టర్:

1. పైన సెర్చ్ పెట్టెలో కుడి చివర గీతల గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కండి. ఫ్రమ్, టూ, సబ్జెక్ట్, హాజ్ ద వర్డ్స్, డజన్ట్ హావ్ అనే గడులు వస్తాయి.

2. ఫ్రమ్ గడిలో డొమైన్ రాయండి. ఒకటి కంటే ఎక్కువుంటే మధ్యలో ‘ఆర్’ (OR) అనే ఇంగ్లిషు మాటను పెద్ద అక్షరాల్లో పెట్టండి. చిన్న అక్షరాల్లో రాస్తే జీమెయిల్ దాన్ని మామూలు పదం అనుకుంటుంది. ఫిల్టర్ పనిచేయట్లేదని అనేవాళ్లలో చాలామందికి తప్పేది ఇక్కడే.

3. వెంటనే ఫిల్టర్ చేయకండి. ముందు ‘సెర్చ్’ నొక్కి ఏయే మెయిళ్లు వస్తున్నాయో కిందదాకా చూడండి. సంబంధం లేనివి కనిపిస్తే డొమైన్ సరిచేయండి.

4. ఫలితాలు సరిగ్గా ఉంటే మళ్లీ గీతల గుర్తు నొక్కి ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కండి. ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’, ‘ఆల్వేస్ మార్క్ ఇట్ యాజ్ ఇంపార్టెంట్’ టిక్ పెట్టి, ‘కేటగరైజ్ యాజ్’ దగ్గర ప్రైమరీ ఎంచుకోండి. ‘అప్లై ద లేబుల్’ దగ్గర కొత్త లేబుల్ చేయండి. లేబుల్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు: ‘బిల్లులు’, ‘కాలేజీ’, ‘డీవోలు’.

5. పాత మెయిళ్లకూ లేబుల్ పడాలంటే ‘ఆల్సో అప్లై ఫిల్టర్ టు మ్యాచింగ్ కన్వర్సేషన్స్’ టిక్ పెట్టాలి. లేకపోతే ఈ రోజు నుంచి వచ్చేవాటికే వర్తిస్తుంది.

ఈ జాబితాలో జీమెయిల్, యాహూ లాంటి ఉచిత డొమైన్లను మొత్తంగా ఎప్పుడూ చేర్చకండి. ప్రపంచంలో ఎవరైనా ఆ అడ్రసు తీసుకోగలరు. అలాంటిచోట మనిషి పూర్తి అడ్రసు ఇవ్వాలి. అలాగే బ్యాంకు పేరును ‘హాజ్ ద వర్డ్స్’ గడిలో పెట్టి స్పామ్‌లోకి పోవద్దని చెప్పకండి. మోసగాళ్లు వాడేది కూడా ఆ బ్యాంకు పేరే కదా, వాళ్లకు మీరే తలుపు తీసినట్టవుతుంది.

బ్యాంకుల విషయంలో ఈమధ్య వచ్చిన మార్పు తెలిసి ఉండాలి. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అని ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ ముగింపు బ్యాంకులకే ఇస్తారు. మెయిల్ మాత్రం పాత డొమైన్ నుంచి వస్తూ ఉండొచ్చు. కాబట్టి పాత ఫిల్టర్‌లో కొత్త డొమైన్‌ను కూడా కలిపి పెట్టండి, పాతదాన్ని తీసేయకండి.

ఏ మెయిల్‌కు ఏ బటన్

అక్కర్లేని మెయిల్ అంతా ఒకటి కాదు. బట్టల షాపు కౌంటర్ దగ్గర బిల్లు కోసం మీరే మెయిల్ ఐడీ చెప్పి ఉంటారు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ ఫారంలో రాసి ఉంటారు. ఆనందపురం, భోగాపురం వైపు వెంచర్ చూడటానికి వెళ్లినప్పుడు రిజిస్టర్లో రాసి ఉంటారు. వీళ్లు పంపేది విసుగు తెప్పించొచ్చు గానీ అది దొంగ మెయిల్ కాదు. ఇలాంటివాటికి ‘అన్‌సబ్‌స్క్రైబ్’ సరైన దారి.

మెయిల్ పైన పంపినవారి పేరు పక్కన జీమెయిల్ తానే చూపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ వాడండి. కింద చిన్న అక్షరాల్లో ఉండే లింకు కంటే అది మేలు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెట్టిన నియమం ప్రకారం, ఆ ఖాతాలకు పెద్ద ఎత్తున (గూగుల్ లెక్కలో రోజుకు 5,000 పైగా) మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రకటనల మెయిళ్లలో ఒక్క నొక్కుతో మానుకునే వీలు ఇవ్వాలి, మీరు నొక్కాక రెండు రోజుల్లో ఆపాలి. ఆపలేదంటే స్పామ్ అని చెప్పడానికి మీకు పూర్తి హక్కు ఉంది. ఎడమవైపు మెనూలో ‘మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్’ కనిపిస్తే అందులో ఎవరు ఎన్ని పంపుతున్నారో వరసగా ఉంటుంది. టీ తాగేలోపు సగం వదిలించుకోవచ్చు.

అన్‌సబ్‌స్క్రైబ్ పేజీ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగితే మూసేయండి.

మీకు ఏ సంబంధమూ లేని చోటు నుంచి వచ్చినదానికి ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కాలి. లోపల ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకును ముట్టుకోకూడదు, తిరిగి జవాబూ రాయకూడదు. ‘ఇంకెప్పుడూ పంపకండి’ అని కోపంగా రాసినా వాళ్లకు అర్థమయ్యేది ఒకటే: ఈ అడ్రసులో మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు. ఆ అడ్రసుకు విలువ పెరుగుతుంది. డబ్బు, పాస్‌వర్డ్ కాజేయడానికి వచ్చినదైతే మూడు చుక్కల మెనూలో ‘రిపోర్ట్ ఫిషింగ్’ ఉంటుంది.

ఇక బ్లాక్. జీమెయిల్‌లో బ్లాక్ చేస్తే ఆ ఒక్క అడ్రసు నుంచి వచ్చేవి స్పామ్‌లోకి పోతాయి, అంతే. స్పామ్ పంపేవాళ్లు అడ్రసులు మారుస్తూనే ఉంటారు కాబట్టి వాళ్ల మీద ఇది పనిచేయదు. ఒకే అడ్రసు నుంచి వెంటపడే ఏజెంటుకో, వేధించే మనిషికో సరిపోతుంది.

స్పామ్ బటన్ నొక్కడం మీ ఒక్కరి వ్యవహారం కాదు, ఇది చాలామందికి తెలియదు. మీ ఫిర్యాదు పంపినవాళ్ల డొమైన్ ఖాతాలో పడుతుంది. వెయ్యిలో ముగ్గురు, అంటే 0.3 శాతం మంది స్పామ్ అంటే గూగుల్ దృష్టిలో అది పెద్ద లెక్కే. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సంఘమో, పూర్వ విద్యార్థుల సంఘమో రెండొందల మందికి నెలకోసారి లెక్కలు పంపుతుందనుకోండి. అన్‌సబ్‌స్క్రైబ్ వెతకడానికి బద్ధకించి నలుగురు స్పామ్ నొక్కితే, మిగతావాళ్లకు కూడా ఆ లెక్కలు స్పామ్‌లోకి పోవడం మొదలవ్వొచ్చు. కార్యదర్శికి కారణం తెలియదు. మీరే చేరిన సంఘం మెయిల్ వద్దనుకుంటే కార్యదర్శికి ఒక్క ముక్క చెప్పండి: ‘నా అడ్రసు తీసేయండి’. పొరపాటున స్పామ్ నొక్కి ఉంటే స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘నాట్ స్పామ్’ నొక్కితే లెక్క సరిదిద్దినట్టే.

ప్రకటనలను పక్కకు తప్పించే ఫిల్టర్

ఇన్‌బాక్స్‌ను తేలిక చేసే అసలు ఫిల్టర్ ఇది. ‘హాజ్ ద వర్డ్స్’ గడిలో ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అనే ఇంగ్లిషు మాట ఒక్కటి పెట్టండి. మూకుమ్మడిగా పంపే మెయిళ్లలో దాదాపు అన్నిట్లో ఆ మాట ఉంటుంది. చర్యగా ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’, దానితోపాటు ‘ప్రకటనలు’ అనే లేబుల్ ఎంచుకోండి. తీరికున్నప్పుడు ఆ లేబుల్ తెరిచి చూసుకోవచ్చు.

చిక్కు ఏమిటంటే బ్యాంకు స్టేట్‌మెంట్లలో, కాలేజీ నోటీసుల్లో కూడా ఆ మాట ఉంటుంది. ముందు చేసిన ‘ముఖ్యం’ ఫిల్టర్ కాపాడుతుందిలే అనుకుంటే పొరపాటే. జీమెయిల్‌లో ఫిల్టర్లకు ముందూ వెనకా అనేది లేదు, సరిపోయిన ఫిల్టర్లన్నీ కలిసి పనిచేస్తాయి. ఒకటి ముఖ్యం అని గుర్తు పెడుతుంది, ఇంకోటి ఇన్‌బాక్స్ నుంచి తీసేస్తుంది. ఫోన్‌లో మోత ఉండదు, మెయిల్ కనపడదు. కాబట్టి మినహాయింపు ఈ ఫిల్టర్ లోపలే రాయాలి: ఫ్రమ్ గడిలో మీ ముఖ్యమైన డొమైన్లు ఒక్కొక్కదాని ముందు మైనస్ గుర్తు పెట్టి రాయండి, మైనస్‌కూ డొమైన్‌కూ మధ్య ఖాళీ ఉండకూడదు.

అవుట్‌లుక్‌లో దీనికి వ్యతిరేకం. అక్కడ రూల్స్ పై నుంచి కిందకి వరసగా నడుస్తాయి, ‘స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్’ అనే టిక్ ఉంటుంది. ముఖ్యమైనవాళ్ల రూల్‌ను అన్నిటికంటే పైన పెట్టి ఆ టిక్ పెడితే చాలు. అవుట్‌లుక్ డాట్ కామ్‌లో ‘స్వీప్’ అని ఇంకో మంచి సదుపాయం ఉంది: ఒక సంస్థ నుంచి వచ్చినవాటిలో చివరిది ఒక్కటే ఉంచి మిగతావి తీసేయమని, లేదా 10 రోజులు దాటినవి తీసేయమని చెప్పొచ్చు. రోజూ వచ్చే ధరల జాబితాలకు, ఆఫర్లకు బాగా పనికొస్తుంది.

పదాలతో పట్టే ఫిల్టర్లకు హద్దులున్నాయి. జీమెయిల్ పదంలో ముక్క చూసి పట్టదు, పూర్తి పదం ఇవ్వాలి. రూపాయి గుర్తు, డాలర్ గుర్తు, నక్షత్రం లాంటివి దానికి కనపడవు, కాబట్టి వాటితో ఫిల్టర్ కట్టలేరు. తెలుగులో అయితే బహువచనమో విభక్తో చేరితే పదం రూపమే మారిపోతుంది: ‘ప్లాటు’, ‘ప్లాట్లు’, ‘ప్లాట్లకు’ వేరువేరుగా రాయాలి. మన దగ్గర వెంచర్ల మెయిళ్లు ఎక్కువ ఇంగ్లిషులో వస్తాయి, కొన్ని తెలుగులో వస్తాయి. రెండు లిపుల్లోనూ పదాలు పెట్టండి. విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. రెండు పేర్లూ ఫిల్టర్‌లో పెట్టండి. అయితే ఆ పేరు ఒక్కటే పెడితే మీ సొంత స్థలం లేఅవుట్ మంజూరు గురించి వచ్చిన మెయిల్ కూడా పోతుంది. ‘సైట్ విజిట్’, ‘బుకింగ్స్ ఓపెన్’ లాంటి అమ్మకపు మాటను కొటేషన్ గుర్తుల మధ్య జత చేయండి. రెండూ ఉంటేనే పట్టుకునేలా.

కొత్త ఫిల్టర్‌కు మొదటి నెల ‘డిలీట్ ఇట్’ పెట్టకండి. లేబుల్ వేసి పక్కన పెట్టమనండి, నెల తర్వాత ఆ లేబుల్ తెరిచి చూడండి. అందులో ఒక్కటైనా కావాల్సింది పడి ఉంటే ఫిల్టర్ సరిచేయాలి. ఏదీ లేకపోతే అప్పుడు డిలీట్‌కు మార్చండి. డిలీట్ అయినవి కూడా ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి.

ఇప్పటికే పేరుకుపోయినవాటికి సెర్చ్ చాలు. జీమెయిల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే డ్రైవ్, ఫోటోలు కూడా సర్దుకోవాలి, అది నిండితే కొత్త మెయిల్ రాదు. ప్రకటనల విభాగంలో ఏడాది దాటినవి చూడాలంటే సెర్చ్ పెట్టెలో ‘కేటగిరీ’, కోలన్, ‘ప్రమోషన్స్’ రాసి, ఖాళీ ఇచ్చి, ‘ఓల్డర్ అండర్‌స్కోర్ దేన్’, కోలన్, ‘1వై’ రాయండి. అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో, కోలన్‌కు అటూ ఇటూ ఖాళీ లేకుండా. పైన గడిలో టిక్ పెడితే ముందు ఆ పేజీలోవే ఎంపికవుతాయి. వెంటనే కనిపించే ‘సెలెక్ట్ ఆల్ కన్వర్సేషన్స్ దట్ మ్యాచ్ దిస్ సెర్చ్’ కూడా నొక్కాలి. పెద్ద అటాచ్‌మెంట్లకు ‘లార్జర్’, కోలన్, ‘10ఎం’. ట్రాష్ ఖాళీ చేసేదాకా చోటు తిరిగి రాదు.

అడ్రసు ఇచ్చేటప్పుడే జాగ్రత్త

జీమెయిల్‌లో మీ పేరు తర్వాత, ఎట్ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏ పదమైనా చేర్చవచ్చు. మెయిల్ మీకే వస్తుంది. బట్టల షాపుకు ‘ప్లస్ షాపు’, కోచింగ్ సెంటర్‌కు ‘ప్లస్ కోచింగ్’ చేర్చి ఇస్తే, రేపు ఆ అడ్రసుకు ఎవరో లోన్ కంపెనీ మెయిల్ పంపినప్పుడు ఎవరి దగ్గర నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది. ‘టూ’ గడిలో ఆ అడ్రసు పెట్టి ఒక్క ఫిల్టర్‌తో మొత్తం ఆపేయొచ్చు. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. అలాంటివాటికి షాపింగ్ కోసం వేరే ఖాతా ఒకటి పెట్టుకోవడం నయం. బ్యాంకుకు, పన్నులకు ఇచ్చే అడ్రసును మాత్రం కౌంటర్ల దగ్గర చెప్పకండి.

అనవసరపు ఫోన్లు ఆపడానికి 1909కి చేసే డీఎన్‌డీ నమోదు ఫోన్లకు, ఎస్ఎంఎస్‌లకే. మెయిల్‌కు అది వర్తించదు.

ఇంకో సంగతి. పేర్లు కలవడం మనలో మామూలే. అదే ఇంటి పేరు, అదే పేరు ఉన్న ఇంకొకరు తన అడ్రసులో ఒక అంకె మర్చిపోయి రాస్తే, వాళ్ల కరెంటు బిల్లు, రైలు టికెట్, ల్యాబ్ రిపోర్టు మీకు వస్తుంటాయి. మీ అడ్రసులో లేని చుక్క అందులో ఉండటం చూసి ఎవరో మీ ఖాతా పంచుకుంటున్నారని కంగారు పడకండి. జీమెయిల్ పేరులో చుక్కలను లెక్కలోకి తీసుకోదు, చుక్క ఉన్నా లేకపోయినా అది మీ అడ్రసే. ఇది స్పామ్ కాదు కాబట్టి స్పామ్ నొక్కడం న్యాయం కాదు. పంపిన సంస్థ నిజమైనదని తేలితే, జవాబు తీసుకునే అడ్రసుకు ఒక్కసారి రాయండి: ‘ఈ అడ్రసు మీ ఖాతాదారుది కాదు, సరిచేయండి.’ అటాచ్‌మెంట్ తెరవొద్దు. ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కి వాళ్ల ఖాతాలోకి వెళ్లి సరిచేద్దామని అసలు అనుకోవద్దు. మంచి ఉద్దేశంతో చేసినా అది ఇతరుల ఖాతాలోకి చొరబడటమే. తర్వాత కూడా వస్తుంటే ఆ సంస్థ అడ్రసుతో ఫిల్టర్ పెట్టి పక్కకు పంపండి.

ఫిల్టర్ దాటి వచ్చే మోసం మెయిళ్లు

మొదట చూడాల్సింది అడ్రసు, పేరు కాదు. ఫోన్ యాప్‌లో పేరే పెద్దగా కనిపిస్తుంది, ఆ పేరు పంపేవాడు తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోగలడు. దాని మీద నొక్కి అడ్రసు తెరవండి. డొమైన్‌ను కుడి చివర నుంచి ఎడమకు చదవండి. బ్యాంకు పేరు ముందు ఉండి, చివర్లో తెలియని పేరు, డాట్ కామ్ ఉంటే ఆ మెయిల్ చివర ఉన్నవాళ్లది. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పడితే ‘ఎం’ లాగే కనిపిస్తుంది. అనుమానం ఉంటే ఆ అడ్రసును కాపీ చేసి నోట్స్‌లో అక్షరాల సైజు పెంచి చూడండి.

కంప్యూటర్లో మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కితే పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు కనిపిస్తాయి. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చేసే తనిఖీలు ఇవి. ప్రభుత్వ శాఖదో బ్యాంకుదో అని చెప్పుకునే మెయిల్‌లో ‘ఫెయిల్’ అని ఉంటే నమ్మకండి. ‘పాస్’ అని ఉన్నంత మాత్రాన మంచివాళ్లని కాదు. ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే అర్థం. మోసగాడు తన సొంత డొమైన్ కొనుక్కుని మూడూ పాస్ చేయించుకోగలడు.

విశాఖలో ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండు. ఒకటి, ఓడల ఉద్యోగాల మెయిళ్లు. సీమెన్‌ను చేర్చుకునే ఏజెంటుకు డీజీ షిప్పింగ్ (ఓడల రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్సు ఉండాలి. మెయిల్‌లో ఆ నంబరు ఉంటే డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో మీరే వెతికి, అక్కడున్న ఫోన్ నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి. ఉద్యోగం ఇప్పించడానికి నావికుల దగ్గర రుసుము తీసుకోకూడదనేది నియమం. ‘జాయినింగ్ లెటర్ జత చేశాం, వీసా ఖర్చు పంపండి’ అన్న మెయిల్‌కు అక్కడితో జవాబు దొరికినట్టే.

రెండోది వ్యాపారుల మీద పడేది. రోజూ సరుకు పంపే పార్టీ నుంచే, పాత మెయిల్ కిందే, ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఇందులో వేయండి’ అని వస్తుంది. ఇన్‌వాయిస్ నంబరు సరిపోతుంది, మొత్తం సరిపోతుంది. ఎందుకంటే మోసగాడు ఇద్దరిలో ఒకరి ఖాతాలోకి ముందే దూరి ఈ మెయిళ్లన్నీ చదువుతుంటాడు. ఖాతా మార్పు అని వచ్చిన ప్రతిసారీ మీ ఫోన్‌లో పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి మనిషితో మాట్లాడి అడగండి, మెయిల్‌లో ఉన్న నంబరుకు మాత్రం చేయకండి.

ఇక్కడే ఫిల్టర్లు మనకు ఎదురు తిరుగుతాయి. ఖాతాలో దూరినవాడు మొదట చేసే పనుల్లో ఒకటి మీ ఖాతాలోనే ఒక ఫిల్టర్ పెట్టడం: ‘ఇన్‌వాయిస్’, ‘పేమెంట్’ అనే మాటలున్న మెయిళ్లు తనకు ఫార్వర్డ్ చేసి మీ ఇన్‌బాక్స్ నుంచి తప్పించేయమని. అవతలి పార్టీ ‘డబ్బు రాలేదు’ అని రాసినా మీకు కనపడదు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది. కాబట్టి సెట్టింగ్స్‌లో ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’ తెరిచి ప్రతి వరసా చదవండి; మీరు పెట్టనిది ఉంటే ఫోటో తీసుకుని చెరిపేయండి. పక్కనే ఉన్న ‘ఫార్వర్డింగ్’ ట్యాబ్‌లో తెలియని అడ్రసు ఉందేమో చూడండి. ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ నొక్కి మిగతా అన్ని చోట్లా సైన్ అవుట్ చేయండి. అప్పుడు పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత. ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

సొంత డొమైన్ ఉన్న ఆఫీసులు

గాజువాక ఆటోనగర్‌లో, పోర్టు చుట్టుపక్కల చిన్న ఆఫీసులు వెబ్‌సైట్ హోస్టింగ్‌తో వచ్చిన మెయిల్ వాడుతుంటే, సాధారణంగా సీ ప్యానెల్ (హోస్టింగ్ అమరికలు చూసుకునే చోటు)లో ‘స్పామ్ ఫిల్టర్స్’ పేజీ ఉంటుంది. ప్రతి మెయిల్‌కు అది మార్కులు వేస్తుంది. 5 దాటితే స్పామ్ అనేది మామూలు అమరిక. అంకె తగ్గిస్తే ఫిల్టర్ కఠినమవుతుంది. చాలామంది తలకిందులుగా అనుకుని 10 పెట్టేసి చెత్త ఇంకా పెరిగిందంటారు. 2కు దించితే కొత్త పార్టీల ఎంక్వైరీలు పోతాయి. 5 దగ్గరే ఉంచి, ‘ఆటో డిలీట్’ ఆపేసి, స్పామ్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లేలా పెట్టి రోజుకోసారి చూడండి.

‘డిఫాల్ట్ అడ్రస్’ దగ్గర, లేని అడ్రసులకు వచ్చినవన్నీ ఒక పెట్టెలో వేయమని ఉంటే మార్చండి. పంపేవాళ్లకు వెంటనే తప్పు అని చెప్పి తిప్పికొట్టే ఎంపిక మంచిది: నిజమైన మనిషి అడ్రసు తప్పు రాస్తే అతనికి తెలుస్తుంది. ‘బాక్స్ ట్రాపర్’ జోలికి పోకండి. అది మీకు మెయిల్ పంపిన ప్రతివారినీ ‘మీరు మనిషేనా, నిర్ధారించండి’ అని తిరిగి అడుగుతుంది. స్పామ్ మీద ఉండే పంపినవారి అడ్రసు ఎక్కువగా దొంగిలించిందే కాబట్టి ఆ ప్రశ్న సంబంధం లేని అమాయకుడికి వెళ్లి, మీరే స్పామ్ పంపినట్టవుతుంది. షిప్పింగ్ లైన్ల యంత్రాలు పంపే డీవోలకు ఆ ప్రశ్నకు జవాబిచ్చే మనిషి ఉండడు, అవి అక్కడే ఆగిపోతాయి.

మీరు పంపే కొటేషన్లు అవతలివాళ్ల స్పామ్‌లో పడుతుంటే ముందు ఎస్‌పీఎఫ్ చూడండి. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. వెబ్‌సైట్ చేసినవాళ్లు ఒకటి, మెయిల్ పెట్టినవాళ్లు ఇంకోటి వేస్తే రెండూ చెల్లవు. కలిపి ఒకటే రాయించండి. దాని లోపల వేరే రికార్డులను వెతికే మాటలు 10 మించకూడదు. డీకిమ్ కూడా పెట్టించాక డీమార్క్‌ను మొదట ‘నన్’ విధానంతో మొదలుపెట్టి, కొన్ని వారాలు రిపోర్టులు చూసి, ఆ తర్వాత ‘క్వారంటైన్’కు మార్చండి.

పంపేటప్పుడు పాటించాల్సినవి

సంఘం సభ్యులందరికీ పంపేటప్పుడు అడ్రసులు ‘బీసీసీ’లో పెట్టండి. ‘టూ’లో రెండొందల అడ్రసులు పెడితే, అందులో ఒక్కరి కంప్యూటర్‌లో వైరస్ చేరినా మొత్తం జాబితా స్పామర్ చేతికి పోతుంది, ఎవరో ‘రిప్లై ఆల్’ నొక్కితే రోజంతా అందరి ఫోన్లూ మోగుతాయి. ఎవరి అడ్రసైనా జాబితాలో చేర్చే ముందు అడగండి. పెళ్లి పిలుపుకు ఇచ్చిన అడ్రసును చీటీల ప్రకటనకు వాడకూడదు. మానుకోవడం ఎలాగో ప్రతి మెయిల్ కింద ఒక వాక్యం రాయండి. సబ్జెక్ట్ ముందు సంఘం పేరు ఒకేలా పెడితే సభ్యులు తేలికగా ఫిల్టర్ పెట్టుకోగలరు. ప్రతిసారీ మారిస్తే పెట్టుకోలేరు.

సంక్రాంతికి ఊరెళ్తూ ‘వెకేషన్ రెస్పాండర్’ పెడితే ‘ఓన్లీ సెండ్ ఎ రెస్పాన్స్ టు పీపుల్ ఇన్ మై కాంటాక్ట్స్’ టిక్ పెట్టండి. తారీఖులతో సహా ఇంట్లో లేమని తెలియనివాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి పైనుంచి కిందికి సబ్జెక్టులు చూడండి. 30 రోజుల గడువు ఉంది కాబట్టి వారం చాలు. కాలేజీ అడ్మిషన్ల రోజుల్లో, టెండరు గడువుల్లో రోజూ చూడాలి. నెలకోసారి ఫిల్టర్ల జాబితా చదివి, మూసేసిన ఖాతాలవి, మారిన డొమైన్లవి తీసేయండి. అదే పేజీలో ఫిల్టర్లన్నిటికీ టిక్ పెట్టి కింద ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే ఒక ఫైల్ దిగుతుంది. ఇంట్లో అమ్మానాన్నల ఖాతాల్లో అదే ఫైల్‌ను ‘ఇంపోర్ట్ ఫిల్టర్స్’ ద్వారా ఎక్కించి, వాళ్ల బ్యాంకు, పింఛను డొమైన్లు మార్చిపెడితే వాళ్లకూ అదే అమరిక వస్తుంది.